ఏరగా మిగిలిన

జూన్ 3
ప్లాంటు హాస్టల్, కింది గది

వదినకు,

ఈ రోజు పొద్దున్నే మొదటి వింత: నేను రాసిన వాక్యం లారీ ఎక్కి నా ఎదురుగా వచ్చింది.

పళ్ళు తోముకుంటూ కిటికీ దగ్గర నిలబడ్డాను. గేటు తెరుచుకుంది. ఆకుపచ్చ లారీ, దాని పక్క రేకు మీద మనిషంత ఎత్తు తెల్లటి అక్షరాలు: "చెత్తంతా సత్తువే". నోట్లో నురగతోనే కేక పెట్టాను. డ్రైవరు తల బయటపెట్టి చూశాడు. మా అన్నయ్యే. అంటే నీ మొగుడే. ఒకసారి హారన్ కొట్టి వెళ్ళిపోయాడు. నోటితో చెప్పాల్సినవన్నీ ఆయన హారన్‌తోనే చెబుతాడని నీకు నేను చెప్పక్కర్లేదు.

నువ్వు ఫోను తీయడం మానేశావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఇదీ ఆయన చేతికే ఇస్తాను. "నా షెడ్డుకి పోటీగా పోయి చేరింది" అని పక్కింటివాళ్ళతో అన్నావట. పోటీ ఏమీ లేదు వదినా. కాలేజీ వాళ్ళు శిక్షణకి పంపితే వచ్చాను. ఇక్కడి సమాచార విభాగంలో నా పని ఒక్కటే: ఇంజనీర్లు వాళ్ళ భాషలో రాసినదాన్ని కరపత్రాలకీ గోడలకీ లారీలకీ మన మాటల్లోకి మార్చడం. ఎంత కష్టమో తెలుసా? ఊరి చెత్త పెద్ద గుంటలో పడుతుంది. పైనుంచి ఇనుప పంజా దిగి పిడికిలి నింపుకుని కొలిమిలో పోస్తుంది. ఆ మంటకి నీళ్ళు ఆవిరై చక్రం తిప్పుతాయి, కరెంటు వస్తుంది. ఇంతవరకూ సులువే. పొగ దగ్గర చిక్కొచ్చింది. పొగని సున్నంతో కడిగి, పొడుగాటి గోపురంలోకి పంపుతారు. అందులో పైనుంచి ఒక ద్రవం వానలా కురుస్తూ ఉంటుంది. పొగలోని బొగ్గుపులుసు వాయువు ఆ ద్రవానికి అంటుకుని ఆగిపోతుంది. తర్వాత ఆ ద్రవాన్ని వేడి చేస్తే వాయువుని విడిచిపెట్టేస్తుంది. దాన్ని గొట్టాల్లో భూమి అడుగున రాతి పొరల్లోకి దింపేస్తారు.

ఈ పనికి పేరు పెట్టమన్నారు. బంధనం అంటే జైలులా ఉంది. చెర అంటే పురాణంలా ఉంది. పట్టివేత అంటే పోలీసులు గుర్తొచ్చారు. చివరికి "పట్టి ఉంచడం" అన్నాను. చల్లగా ఉంటే పట్టు, వేడెక్కితే విడుపు. ఆ ద్రవానికి రెండూ ఉన్నాయి. మన ఇంట్లో మొదటిది మాత్రమే ఉంది.

ఆడపడుచు


జూన్ 11
షెడ్డు

నిఘంటువు గారికి,

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. మొగుడు లారీ నడుపుతుంటే అర్ధమొగుడు దాని మీద రాతలు రాస్తోంది. నాదెంత అదృష్టమో చూడు.

నువ్వు పళ్ళు తోముకుంటూ కేక పెట్టిన రోజు నుంచి ఇక్కడ ఏం జరుగుతోందో చెబుతాను. ఇన్నాళ్ళూ వీధుల్లో తిరిగే తోపుడుబళ్ళు ముందు నా షెడ్డు దగ్గర ఆగేవి. కాగితం, అట్ట, సీసాలు, తగరం, వైర్లు, రబ్బరు, గట్టి ప్లాస్టిక్ మేము ఏరుకునేవాళ్ళం. మిగిలిన చెదారం లారీ ఎక్కేది. ఇప్పుడు బళ్ళు ఆగడం లేదు. నేను రోడ్డుకి అడ్డం నిలబడితే బండివాడు జేబులోంచి కాగితం తీసి చూపించాడు.

"అంతా అని రాసుందమ్మా."

"ఎవడు రాశాడ్రా?"

"మీ ఆడపడుచేనంటగా."

నలుగురిలో నా ముఖం ఎక్కడ పెట్టుకోను? వార్డు సూపర్‌వైజరు ఆ ముక్కనే బళ్ళవాళ్ళందరికీ చదివి వినిపించాడట. చెత్తంతా ప్లాంటుకే, దారిలో ఎవరికీ ఇవ్వద్దు అని.

ఇక్కడికి వచ్చేదాన్ని మేము చెత్త అనం. సరుకు అంటాం. ఆరుగురు ఆడవాళ్ళం ఈ సరుకు మీద బతుకుతున్నాం. మాతో ఏరే నత్తని చూశావుగా, మేము పెట్టిన పేరుకి తగ్గట్టే నెమ్మది. "ఏరాకే ఎక్కించు, ఏరాకే ఎక్కించు" అని బళ్ళవాళ్ళ మీద ఇన్నేళ్ళు అరిచి నా గొంతు బొంగురుపోయింది. నువ్వు ఒక్క "అంతా"తో దాన్ని తుడిచిపారేశావు.

ఇంకో మాట. చేతికందే అట్టముక్కని కాల్చి, దాని పొగ వెంట గోపురం కట్టుకుని పరిగెత్తడం ఏం తెలివి? ఉన్నప్పుడు పట్టుకోవడం చేతకానివాళ్ళు పోయాక పట్టుకుంటారా?

ఆ "అంతా" తీయించు. తీయించకపోతే మీ అన్నయ్య లారీ ఇంటికొచ్చినప్పుడు నేనే మసిగుడ్డతో తుడుస్తాను.

వదిన


జూన్ 17
ప్లాంటు హాస్టల్

వదినకు,

దాన్ని అతిశయోక్తి అంటారు. "పెళ్ళికి ఊరంతా వచ్చింది" అంటే కుక్కలూ కోళ్ళూ వచ్చాయని కాదు. లారీ మీద రాసేది కోర్టు కాగితం కాదు. ఒకసారి వింటే నాలుక మీద నిలవాలి. నిలిచింది. అదేనా నా తప్పు?

మసిగుడ్డతో తుడుస్తానన్నావు. నూనె పెయింటు. నీ గుడ్డే పాడవుతుంది.

నీ షెడ్డు గురించి నువ్వు రాయనివి నేను రాస్తాను. వాన పడితే అట్టలు నాని వీధి మొత్తం కంపు. ముక్కు మూసుకోకుండా నీ గుమ్మం దాటినవాళ్ళని నేను చూడలేదు. కిందటి ఎండాకాలం మూల గుట్ట అంటుకుని నల్లటి పొగ స్కూలు కిటికీల్లోకి వెళ్ళింది. దాన్ని పట్టే గోపురం నీకెక్కడిది?

"అంతా" అనే మాట మన ఇంట్లో ముందు వాడింది ఎవరో కూడా గుర్తుచేస్తాను. నేను పరీక్షలు రాసి వచ్చేసరికి నా అర ఖాళీ. కథల పుస్తకాలు, నోట్సులు, వ్యాసరచనలో బహుమతిగా వచ్చిన నిఘంటువు, అన్నీ తూకానికి వేసేశావు. అడిగితే గిన్నె తోముతూ తల కూడా తిప్పకుండా "అదంతా చెత్తే కదా" అన్నావు.

మరి ఆ రోజు ఏరాకే ఎక్కించావా?

ఆడపడుచు


జూలై 20
షెడ్డు

సమాచార విభాగం వారికి,

అమ్మా, తమరి లేఖ అందింది. నెల తర్వాత జవాబు రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. తమరికి మాటలే పని. మాకు పని పోయాక మాటలు దొరికాయి.

ముందు తమరి నిఘంటువు సంగతి. దానికి చెదలు పట్టింది. వెనక అట్ట నుంచి మొదలుపెట్టి "మ" దాకా తినేశాయి. గోడకి పాకుతుంటే తీసి వేశాను. ఇప్పుడు దొరికినా వేస్తాను.

ఇక షెడ్డు సంగతి. ఇద్దరమే మిగిలాం, నేనూ నత్తా. మిగిలిన నలుగురూ హోటళ్ళలో అంట్లు తోమడానికి పోయారు. ఏరడానికి ఏమీ లేకపోయినా నత్త రోజూ వచ్చి ఖాళీ బల్ల తుడిచి పోతోంది. ఈ నేల మునిసిపాలిటీది. సరుకు రాని షెడ్డు ఎందుకని సూపర్‌వైజరు నోటీసు అంటించాడు. సెప్టెంబరు చివరి రోజు పొద్దున్నే వచ్చి తాళం వేస్తాడట.

మీ అన్నయ్య ఆఫీసు నుంచి తమరి కరపత్రానికి మూలం తెచ్చారు, ఇంజనీర్లు వాళ్ళ భాషలో రాసిందే. పక్కింటి మాస్టారు చదివి అర్థం చెప్పారు. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఒకటికి రెండుసార్లు చదివారు. "ఏరగా మిగిలిన చెత్తను మాత్రమే ప్లాంటుకు పంపాలి" అని ఉందట. ఏరగా. మిగిలిన. మాత్రమే. మూడు మాటలు. తమరి తర్జుమాలో మూడూ లేవు. వాటి బదులు "అంతా" అని ఒకటి కూర్చుంది.

ఎక్కడికి పోయాయండీ ఆ మాటలు? చెదలు "మ" దాకా తిన్నాయి కదా, "మిగిలిన", "మాత్రమే" అందులోనే పోయాయేమో. పాపం, ఎక్కడ వెతుక్కుంటారు. మరి "ఏరగా" మొదటి పేజీల్లోదే. అది నేను తూకానికి వేయకముందే తమరు చూసి ఉంటారే.

మీ పెద్ద ఇంజనీరుకి చెప్పి ఆ మాటలు తిరిగి పెట్టించండి. బతిమాలుతున్నానని అనుకోవద్దు. అడుగుతున్నాను.

షెడ్డు మనిషి


ఆగస్టు 2
ప్లాంటు హాస్టల్

మీకు,

నన్ను "తమరు" అన్నందుకు సంతోషం. ఇకనుంచి నేనూ అలాగే అంటాను.

ఆ మాటలు లయ కోసం తీసేశాను. "ఏరగా మిగిలిన చెత్త మాత్రమే సత్తువ" అని పైకి చదివి చూడండి. కాలు బెణికిన మనిషిలా నడుస్తుంది. తీసేయగానే వాక్యం లేచి పరిగెత్తింది. పెద్ద ఇంజనీరు దాన్ని మీటింగులో అందరికీ చదివి వినిపించాడు. నేను రాసినదాన్ని ఒకరు నలుగురిలో చదవడం నా జన్మలో అదే మొదటిసారి. ఇప్పుడు వెళ్ళి అందులో మాటలు మింగేశానని ఎలా చెప్పను? శిక్షణ పత్రం ఇవ్వరు. అది లేకపోతే కాలేజీలో ఈ ఏడాది మళ్ళీ చదవాలి.

చెప్పను. మీ షెడ్డుకి తాళం వేసేది సూపర్‌వైజరు, నా వాక్యం కాదు. అతనికి ఒక సాకు కావాలి. ఇది దొరక్కపోతే ఇంకోటి దొరికేది.

ఇక్కడ గోపురంలో ద్రవం రంగు మారుతోందని కెమిస్టు మేడమ్ రెండు రోజులుగా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. నాకు ఇక్కడి ముఖాలు చాలు. మీ ముఖం ఉత్తరంలో కూడా చూడలేను.

ఆడపడుచు


ఆగస్టు 6
షెడ్డు

లయ కోసమా.

నత్త ఇంట్లో పొయ్యికి కూడా లయ తప్పింది. ఒక పూట వెలిగితే ఒక పూట వెలగడం లేదు. దానికో మంచి మాట ఉంటే చెప్పండి, గోడ మీద రాసుకుంటుంది.

ఆ లారీని మా వీధిలోకి తేవద్దని మీ అన్నయ్యతో చెప్పాను. వీధి చివర ఆపి నడిచి వస్తున్నారు. ఇక ఉత్తరాలు పంపకండి. ఆయన పోస్టుమాన్ కాదు.


సెప్టెంబరు 28
ప్లాంటు హాస్టల్

మీకు,

పంపొద్దన్నారు. పంపుతున్నాను. చించాలనుకుంటే చదివాక చించండి.

నిన్న గోపురం ఆపేశారు. చెత్త కాలుతూనే ఉంది, కరెంటు వస్తూనే ఉంది. పట్టి ఉంచాల్సిన వాయువు మాత్రం తిన్నగా చిమ్నీలోంచి ఆకాశంలోకి పోతోంది. బయటినుంచి చూస్తే ఏ తేడా తెలియదు. లోపల అందరూ చావు ఇంట్లోలా నడుస్తున్నారు.

కెమిస్టు మేడమ్ బల్ల మీద రెండు గాజు గ్లాసులు పెట్టింది. ఒకదాంట్లో కొత్త ద్రవం, నీళ్ళలా తేటగా ఉంది. రెండోదాంట్లో గోపురంలోంచి తీసింది, కషాయంలా నల్లగా ఉంది. జూన్ నుంచి గుంటలోకి పైపు ముక్కలు, వైరు తొడుగులు, రబ్బరు చెప్పులు కుప్పలుగా పడుతున్నాయట. అవి కాలితే ఘాటైన ఆమ్లపు పొగ వస్తుంది. కొంచెమైతే సున్నం కడిగేస్తుంది. ఇంత వస్తే దాని వల్ల కావడం లేదు. కడగ్గా తప్పించుకున్నది గోపురంలో దూరి ద్రవాన్ని విరిచేసింది. ఇప్పుడు దానికి పట్టు లేదు.

పెద్ద ఇంజనీరు మీటింగు పెట్టాడు. పాత కాగితం తీసి చదివాడు. "ఏరగా మిగిలిందే కదా మనం అడిగింది. అంతా పంపమని ఊరికి చెప్పిందెవరు?"

గదిలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నా ముఖం ఎవరూ చూడలేదు. ఆ వాక్యాన్ని మెచ్చి చదివిన ఆయనకే రాసిందెవరో గుర్తు లేదు, శిక్షణకి వచ్చిన పిల్లని ఎవరు చూస్తారు? ఊరుకుంటే గడిచిపోయేది. నాకు ఖాళీ బల్ల తుడిచే నత్త ఎందుకు గుర్తొచ్చిందో తెలియదు. మీరు గుర్తొచ్చారని అనుకోకండి.

చెయ్యి ఎత్తాను.

"నేను సార్."

"నీకెవరు చెప్పారు అలా రాయమని?"

"ఎవరూ చెప్పలేదు. మూడు మాటలు నేనే తీసేశాను. లయ కోసం."

"లయా? అదేం రసాయనం?" అంది కెమిస్టు మేడమ్. ఎవరూ నవ్వలేదు.

శిక్షణ పత్రం లేదని అక్కడే చెప్పేశాడు. "రాసింది నువ్వేగా, చెరిపేది కూడా నువ్వే" అని స్టోరు నుంచి పెయింటు డబ్బా, బ్రష్షు ఇప్పించాడు. తర్వాత నా ముందే సూపర్‌వైజరుకి ఫోను చేశాడు, బళ్ళని మళ్ళీ షెడ్డు దగ్గర ఆపమని. అవతలి గొంతు నాకూ వినబడింది. "కాగితం మీద ఒకటి, లారీ మీద ఒకటీనా సార్? ఊరు చదివేది లారీనే. లారీ మీద మార్చండి, అప్పుడు బళ్ళు ఆపుతాను. మార్చకపోతే అనుకున్న రోజుకి తాళం పడుతుంది." అంటే ఎల్లుండి పొద్దున్న.

కొత్త వాక్యం కోసం రాత్రంతా కూర్చున్నాను. పది రాశాను, పదీ కుంటాయి. చివరికి మీరు రోడ్డు మీద అరిచేది గుర్తొచ్చింది. "ఏరాకే ఎక్కించు." పైకి చదివాను. పరిగెత్తింది. మాట ఒక్కటీ తీసేయక్కర్లేదు. దాన్నే రాస్తున్నాను. అనుమతి అడగడం లేదు, చెబుతున్నాను.

ఒక్కదాన్నే అంత ఎత్తున రాయలేను. హాస్టల్లో ఉన్న నిచ్చెన జారుతుంది, పట్టుకోమంటే ఎవరూ రావడం లేదు. ఇది సాయం అడగడం కాదు. జరుగుతున్నది రాస్తున్నాను, అంతే.

క్షమించమని కూడా అడగను. నా నిఘంటువు మీద కోపం అలాగే ఉంది.

ఆడపడుచు


సెప్టెంబరు 29
షెడ్డు

నిఘంటువుకు,

చించలేదు. శుభ్రమైన కాగితం, ఒక పక్క ఖాళీ. చించితే సరుకు పాడవుతుంది. నత్త చేత కట్టలో పెట్టించాను.

నువ్వు చెయ్యి ఎత్తావని మీ అన్నయ్య ముందే చెప్పారు. నేను నమ్మలేదు. వీధి చివరికి పోయి హారన్ కొట్టి ఒట్టేశారు. ఆ మోతకి పక్కింటి మాస్టారు కళ్ళజోడు వెతుక్కుంటూ బయటికొచ్చారు.

అయినా నీ మీద నా కోపం ఇసుమంత కూడా తగ్గలేదు. నలుగురు ఆడవాళ్ళు ఇంకా అంట్ల దగ్గరే ఉన్నారు. వాళ్ళని నేను ఇంటింటికీ పోయి పిలవాలి, వాళ్ళ మాటలు పడాలి. నీ పత్రం పోతే ఇంకో ఏడాది చదువు. చదువుకోవడం నీకు కొత్తా? నా మాట దొంగిలించి నా ముందే పెయింటు వేస్తానంటున్నావు. మాటల మనిషికి సొంత మాట ఒక్కటీ దొరకలేదా?

జూన్‌లో ఒకటి అడిగావు. ఆ రోజు నీ పుస్తకాలు ఏరాకే ఎక్కించావా అని. జవాబు ఇప్పుడు రాస్తున్నాను. ఏరలేదు.

ఇక రేపటి సంగతి. తెల్లవారగానే, మిగతా లారీలు గేటు దాటకముందే, మీ అన్నయ్య తన లారీని తెచ్చి షెడ్డు తలుపుకి అడ్డంగా నిలబెడతారు. సూపర్‌వైజరు తాళం పట్టుకుని వస్తే ముందు లారీని చదవాలి, తర్వాతే అతనికి తలుపు కనబడాలి. పాత అక్షరాలు నత్త గీకుతుంది. నెమ్మదే కానీ ఒక్క మరక మిగల్చదు. పెయింటూ బ్రష్షూ నువ్వు తెచ్చుకో, నా దగ్గర లేవు. అక్షరాలు పెద్దవిగా రాయి. అతను దూరం నుంచి చదవాలి.

మీ హాస్టల్ నిచ్చెన తేవద్దు. షెడ్డులో గట్టిది ఉంది. నేను పట్టుకుంటాను. పైనున్నంతసేపూ నాతో ఒక్క మాట మాట్లాడకు. వేడెక్కితే విడిచేస్తాను.

వదిన